ముట్టు నొప్పికి గోలి పనిచేయట్లేదా? వేసుకున్న వేళ చూడండి

"గోలి వేసుకున్నా తగ్గుతలేదు అక్కా" అని దవాఖానకు వచ్చే ప్రతి పిల్లనూ ముందు అడిగేది ఒక్కటే: ఎప్పుడు వేసుకున్నవ్? "ఇగ తట్టుకోలేనప్పుడు" అంటారు. ఈ సంగతి ఎవరూ చూసుకోరు, మందు మీద మందు మాత్రం మారుస్తారు.

ముట్టు దగ్గరపడగానే గర్భసంచి లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. అవి కండరాన్ని పిండుతాయి, రక్తనాళాలను ఇరుకు చేస్తాయి. కండరానికి రక్తం చాలక నొప్పి లేస్తుంది. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ అనే నొప్పి గోలీలు ఆ తయారీని ఆపుతాయి, అంతే. అప్పటికే తయారైనదాన్ని ఏమీ చేయలేవు. అందుకే రక్తం కనబడగానే, నొప్పి ముదరక ముందే, తిన్నాక వేసుకోవాలి. అల్సర్, ఉబ్బసం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు.

నొప్పితో పాటు వాంతులు, విరేచనాలు
తిన్నది పడక కాదు. ఆ ప్రోస్టాగ్లాండిన్లే పేగులనూ కదిలిస్తాయి. పస్తు ఉంచకండి. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర ఏదైనా పెట్టండి. అవిసె గింజల పొడి, చేపలు నొప్పిని కొంత తగ్గించినట్టు చిన్న పరిశోధనల్లో కనిపించింది. కానీ రెండు మూడు నెలలు తినాలి, నొప్పి లేచిన రోజు తింటే లాభం లేదు. ఇంట్లో బీడీ పొగ ఉంటే అది కూడా రక్తనాళాలను బిగిస్తుంది, బయట తాగమనండి.

వేళకు వేసుకున్నా తగ్గదు, స్కాన్ మాత్రం నార్మల్
నన్ను బాగా బాధపెట్టేది ఇదే. దేవరకొండ వైపు నుంచి వచ్చే ఆడపిల్లల ప్లాస్టిక్ కవర్లో మూడు నాలుగు స్కాన్ రిపోర్టులు ఉంటాయి, అన్నిటి మీదా నార్మల్ అనే. ఇంట్లోవాళ్లు "నాటకం" అనేస్తారు. నాటకం కాదు, ఎండోమెట్రియోసిస్ కావచ్చు. గర్భసంచి పొర లాంటి కణజాలం అండాశయాల మీద, పేగుల మీద పెరుగుతుంది. చిన్న మచ్చలుగా ఉంటే మామూలు స్కాన్‌లో పడదు. కాబట్టి రిపోర్టు కాదు, లక్షణాలు చూడాలి: ముట్టుకు రెండు మూడు రోజుల ముందే నొప్పి మొదలవడం, ఆ రోజుల్లో దొడ్డికి కూర్చుంటే ప్రాణం పోయినట్టుండడం, కలయికలో నొప్పి, ఏటికేడు పెరగడం. మూడు నెలలు క్యాలెండర్ మీద నొప్పి రోజులు గుర్తుపెట్టుకుని గైనకాలజిస్టుకు చూపించండి. హార్మోన్ మాత్రలతో చాలామందికి అదుపులోకి వస్తుంది, అవసరమైతే లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి, కెమెరాతో చూసి చేసే ఆపరేషన్) చేస్తారు.

"గర్భసంచి తీసేయిస్తే పీడ పోతది" అనే మాట మాత్రం వెంటనే వినకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో తెలంగాణ ముందు వరసలో ఉంది. జబ్బు గర్భసంచి బయట ఉంటే అది తీసినా నొప్పి మిగలొచ్చు. చిన్న వయసులో అండాశయాలు కూడా తీస్తే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పడిపోయి గుండె రక్తనాళాలకు, ఎముకలకు ముప్పు పెరుగుతుంది. రెండో డాక్టర్‌ను అడగకుండా సంతకం పెట్టకండి.

మిగతావి
ఫైబ్రాయిడ్లు, అంటే గర్భసంచి గడ్డలు, స్కాన్‌లోనే దొరుకుతాయి. జ్వరం, వాసనతో తెల్లబట్ట అయితే ఇన్ఫెక్షన్. మర్రిగూడ, మునుగోడు వైపు నడుం నొప్పి నెలంతా ఉంటే ముట్టు మీదకు తోయకండి, తాగునీటి ఫ్లోరైడ్ ఎముకలకు పట్టిందేమో కూడా చూపించుకోండి. ముట్టు తప్పి, ఒక పక్కనే విపరీతమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గోలీ వద్దు, కాపడం వద్దు, 108కి ఫోన్ చేయండి.