బోరు వేయించే ముందు వాల్టా అనుమతి

ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం 2002లో వచ్చింది. వాల్టాగా అందరికీ తెలిసిన ఈ చట్టం విభజన తర్వాత తెలంగాణకూ వర్తిస్తోంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా సాగుబోరు వేయరాదు కనుక, రైతు ముందుగా ఊరి మంచినీటి బావికీ తాను గుర్తుపెట్టిన చోటుకీ మధ్య దూరాన్ని టేపుతో కొలిపించుకోవాలి. వేసవిలో బిందెలతో బారులు తీరే వాళ్లను చూసినవారికి ఈ నిబంధన ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. సర్వే నంబరు, పట్టాదారు పాసుపుస్తకం నకలుతో దరఖాస్తు చేసుకుని, అనుమతి పత్రం చేతికొచ్చాకే రిగ్గును పిలవాలి. రిగ్గుకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాన్ని చూపించమని యజమానిని అడగడానికి మొహమాటపడవద్దు. నీరు పడకపోతే, సుప్రీంకోర్టు 2010లో ఆదేశించినట్లు, ఆ గొయ్యిని మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్పించాలి.