పిల్లలతో ఇంటి ప్రార్థన: పావుగంట చాలు

కుటుంబ ప్రార్థన అన్నం తిన్నాక పెడితే చిన్నపిల్లలు రెండో వచనానికే నిద్రపోతారు. టీవీ ఆపి, భోజనానికి ముందే కూర్చోండి. ఒక పాట, పన్నెండు బైబిలు వచనాలు, ఒక ప్రశ్న, చిన్న ప్రార్థన. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, కథ వేగంగా నడుస్తుంది, రెండు నెలల్లో పూర్తవుతుంది. పిల్లల చేతే వంతులవారీగా చదివించండి. తప్పు చదివినా మధ్యలో ఆపొద్దు. "ఇందులో నీతి ఏంటి?" అంటే బడి పాఠమైపోతుంది. "తుఫానులో యేసు శిష్యులున్న ఆ పడవలో నువ్వుంటే ఏం చేసేవాడివి?" అని అడగండి.

కంఠత వాక్యాలకు 23వ కీర్తన మంచిది. ఆరు వచనాలు, వారానికొకటి. కొత్తది నేర్పేముందు పాతవన్నీ చెప్పించాలి, లేకపోతే సండేస్కూల్ పరీక్షతోనే మర్చిపోతారు.

చాలా ఇళ్లలో చెడేది ఎక్కడంటే, "ప్రభువా, వీడికి బుద్ధి ఇవ్వు" అంటూ ప్రార్థనలోనే పిల్లాణ్ణి తిట్టడం. ఇక వాడికి ప్రార్థనంటేనే బెదురు. గొడవ ఉంటే విడిగా తేల్చుకోండి. పెద్దల ప్రార్థన రెండు నిమిషాలు దాటనివ్వొద్దు. ఆదివారం కానుక వాడి చేతిడబ్బుల్లోంచే వేయించండి, రూపాయైనా సరే.

సెలవుల్లో ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కించండి. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు అక్కడే ప్రార్థించారు. ఎండెక్కకముందే వెళ్లండి, ఆ సంగతి పైకెక్కాకే చెప్పండి.