చిన్న విమానం కొనే ముందు: అల్యూమినియం, కాంపోజిట్ మరమ్మతులను పోల్చి చూడడం ఎలా?

విశాఖపట్నం వంటి సముద్రతీర నగరంలో చిన్న విమానాన్ని ఉంచదలచినవారు, దాని వేగాన్నీ ధరనూ చూసేముందు, దెబ్బ తగిలితే బాగుచేయించడం ఎంత సులువో చూసుకోవాలి. సెస్నా 172ది అల్యూమినియం దేహం. సిరస్ ఎస్‌ఆర్22, డైమండ్ డీఏ40 కాంపోజిట్‌తో, అంటే గాజు లేదా కార్బన్ నార బట్టను రెసిన్ అనే గట్టిపడే జిగురుతో పొరలుగా అతికించిన పదార్థంతో తయారవుతాయి.

మొదట, దెబ్బ కంటికి కనబడుతుందో లేదో పరిశీలించండి. అల్యూమినియం రేకు సొట్టపడుతుంది లేదా చీలుతుంది. దాచుకోవడం దానికి తెలియదు. రేకులను కలిపి పట్టే రివెట్టు వదులైతే దాని తల వెనుక నల్లటి చార కనిపిస్తుంది. రంగు పొంగినచోట గీకితే తెల్లటి పొడి రాలిందంటే, ఉప్పుగాలి లోహాన్ని తినడం మొదలుపెట్టినట్టే. కాంపోజిట్ తీరు వేరు. చేయిజారి స్పానర్ పడినప్పుడు పైరంగు నిగనిగలాడుతూనే ఉన్నా, లోపలి పొరలు విడిపోయి ఉండవచ్చు. అందుకే నాణెంతో తట్టి చూస్తారు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టే, బాగున్నచోట ఖంగుమంటుంది, విడిపోయినచోట బోలుగా పలుకుతుంది. అనుమానం తీరకపోతే శబ్దతరంగాలతో లోపలిని చూసే అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించాలి.

తరువాత, తయారీదారు ఇచ్చిన మరమ్మతు మాన్యువల్ తెరిచి పని తీరును పోల్చండి. అల్యూమినియంలో చెడినమేర కోసివేసి, తగిన రేకుతో అతుకు వేసి, ఒకరు రివెట్ గన్ కొడుతుండగా మరొకరు వెనుకనుంచి బకింగ్ బార్ అనే లోహపు దిమ్మ ఆనించి పట్టుకుంటారు. బిగిసిన రివెట్టును వెంటనే కొలిచి చూడవచ్చు. కాంపోజిట్‌లో చెడినచోటు చుట్టూ ఏటవాలుగా, 1 మి.మీ. మందానికి 20 మి.మీ. లేదా అంతకు మించి సానపట్టి, పొర మీద పొరగా బట్ట పరిచి, ఎపాక్సీ రెసిన్ పట్టించి, గాలి లాగేసిన సంచిలో (వాక్యూమ్ బ్యాగ్) మాన్యువల్ చెప్పిన వేడిలో గట్టిపడనివ్వాలి. అతుకు ఎంత బలంగా పట్టిందో పైనుంచి చూసి చెప్పలేము కనుక, పని జరుగుతున్నంతసేపూ రాసిపెట్టిన వివరాలే దానికి సాక్ష్యం.

మన ఊళ్లో ఇక్కడే చిక్కు. తేమ, ధూళి అదుపులో ఉన్న గది లేకుండా ఈ పని సవ్యంగా సాగదు. పొరల నడుమ ఉండే తేలికపాటి కోర్‌లో నీరు చేరితే, దాన్ని ఆరబెట్టకుండా వేడిచేసినప్పుడు ఆవిరి ఒత్తిడికి పొరలు మళ్లీ విడిపోతాయి. ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ పడవలకు అతుకులు వేసేవారి పనితనాన్ని మెచ్చుకోవలసిందే కాని, పడవ రెసిన్‌ను విమానానికి వాడకూడదు.

తుప్పు తనిఖీ తరచూ చేయించే ఓపిక ఉంటే ఇక్కడ అల్యూమినియమే మేలని నా అభిప్రాయం. కాంపోజిట్ వైపే మొగ్గితే, ఆ రకం పనికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న వర్క్‌షాప్ ఎంత దూరంలో ఉందో ముందే కనుక్కోండి. పాత మరమ్మతుల పుటల్లో రెసిన్ బ్యాచ్ సంఖ్య, గట్టిపరచిన ఉష్ణోగ్రత, సంతకం లేకపోతే, బయానా ఇవ్వకముందే ఆ చోటును లైసెన్స్ ఉన్న ఇంజినీరుతో మళ్లీ పరీక్ష చేయించండి.