స్కానింగ్‌కు వచ్చే ముందు ఇంట్లనే సగం పని అయిపోవాలె

మా అమ్మను స్కానింగ్ గది కాడి నుంచి వెనక్కి పంపింది నేనే. పిత్తాశయంల రాళ్లున్నయేమో చూడమని డాక్టర్ చీటీ రాస్తే మునుగోడు నుంచి మొదటి బస్సుకు వచ్చింది. "ఏం తినలే కొడకా, బస్టాండ్ల చాయ్ ఒక్కటే తాగిన" అన్నది. ఆ ఒక్క చాయే కొంప ముంచింది. పాలు కడుపుల పడంగనే పిత్తాశయం ముడుచుకుంటది. ముడుచుకున్న సంచిల రాయి ఉన్నదో లేదో చెప్పుడు కష్టం. తెల్లారి మళ్ల బస్సెక్కింది. ఇరవై రెండేండ్ల సంది నల్లగొండల ఎక్స్‌రే టెక్నీషియన్‌గ చేస్తున్న, కన్నతల్లికే ముందుగాల చెప్పకపోతిని. అందుకే ఇది రాస్తున్న.

మన దిక్కు "తిన్నవా" అంటే అన్నం తిన్నవా అనే. ఇడ్లీ, చాయ్, బిస్కెట్ లెక్కల్లకు రావు. కడుపు స్కానింగ్‌కు మాత్రం అన్నీ లెక్కే. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏం ముట్టొద్దు. రాత్రి తొందరగ తిని పండుకొని, పొద్దున్నే వస్తే తేలిక. రెండు గుక్కల మంచినీళ్లతోని బీపీ గోళి వేసుకోవచ్చు. షుగర్ గోళి సంగతి వేరే. ఉపాసం ఉండి అది వేసుకుంటే కండ్లు తిరుగుతయి, డాక్టర్‌ను అడిగి ఆపుండ్రి. మూత్రాశయం, గర్భసంచి, ప్రొస్టేట్ చూసే స్కానింగైతే ఉల్టా: గంట ముందు లీటర్ నీళ్లు తాగి ఆపుకోవాలె. మూత్రాశయం నిండితేనే దాని వెనకున్నది కనపడతది. చానామంది "నా పేరు పిలిచేటట్టున్నరు" అని సరిగ్గ అప్పుడే మూత్రానికి పోయొస్తరు. ఇగ మళ్ల నీళ్లు, మళ్ల గంట.

గర్భిణులు వస్తే ఒక్క మాట. పుట్టేది ఆడనా మగనా అని అడగకుండ్రి. 1994 చట్టం ప్రకారం చెప్పుడు నేరం, అడుగుడు కూడ నేరమే.

ఛాతి ఎక్స్‌రే రెండు నిమిషాల పనే గని అందుల్నే ఎక్కువ ఫిల్ములు ఖరాబైతయి. జాకెట్‌కు పెట్టిన పిన్నీసు, మెడల తాయెత్తు, అంగీ జేబుల నాణెం అన్నీ ఫిల్మ్ మీద తెల్లగ పడతయి. మందపు జడ భుజం మీద పడితే ఊపిరితిత్తి పైభాగంల మచ్చ లెక్కనే కొడతది. జడ ఉన్నోళ్లు పైకి ముడేసుకోండ్రి. మేము "గాలి పీల్చు, ఆపు" అన్నప్పుడు కడుపు కాదు, రొమ్ము నిండాలె. చెర్ల మునిగేముందు పీల్చినట్టు అని చెప్తే ఊరోళ్లకు ఎంటనే అర్థమైతది.

పాత ఫిల్ములు తేవుడు అన్నిటికంటె ముఖ్యం. పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు పనికి పోయి దగ్గుతోని తిరిగొచ్చినోళ్లను చూస్త. ఊపిరితిత్తిల మచ్చ ఉంటది. అది ఎన్నడో టీబీ మానిన గుర్తా, ఇప్పటి రోగమా? రెండేండ్ల కిందటి ఫిల్మ్ పక్కన పెడితే నిమిషంల తేలుతది. అది లేకపోతే తెమడ పరీక్ష, చుట్టూ తిప్పి ఎక్స్‌రే తీసే సీటీ స్కాన్ అంటూ తిరుగుడే. అక్కడ తీసినది అక్కడనే పారేసి వస్తరు, బాధైతది.

రేడియేషన్ భయం చానామందికి ఉన్నది. మామూలుగ నేల నుంచి, ఆకాశం నుంచి పది రోజుల్ల మన మీద ఎంత పడతదో ఛాతి ఎక్స్‌రేకు సుమారుగ అంతే. కడుపు సీటీకి రెండు మూడేండ్లది ఒక్కసారే. అందుకని ఎక్స్‌రేకు భయపడకుండ్రి, సీటీని డాక్టర్ చెప్పకుండ మీరే అడిగి రాయించుకోకుండ్రి. అల్ట్రాసౌండ్‌ల (పైన చెప్పిన కడుపు స్కానింగ్ అదే), అయస్కాంతంతోని తీసే ఎమ్మారైల ఈ రేడియేషన్ అసలే లేదు.

నెల తప్పిన అనుమానముంటే ఎక్స్‌రేకు, సీటీకి ముందే చెప్పాలె. అత్త పక్కన నిలబడితే కోడలు నోరిప్పదు. అందుకే నేను ఏదో కాగితం తెమ్మని అత్తను బయటికి పంపి అడుగుత.

మందెక్కించి చేసే సీటీ ఉంటది, అది అయోడిన్ మందు. క్రియాటినిన్ రిపోర్ట్ చేతిల పట్టుకొని రాండ్రి, కిడ్నీ బాగుందో లేదో దాంతోనే తెలుస్తది. ఉబ్బసం ఉన్నా, మునుపు ఇట్లాంటి మందుకు దద్దుర్లొచ్చినా, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోళి వాడుతున్నా చెప్పుండ్రి. మందు పోతుంటే ఒళ్లంత వేడి, నోట్ల ఇనుప రుచి, మూత్రం పడ్డట్టు అనిపిస్తది. పడదు. ఓ పెద్దమనిషి సిగ్గుతోని టేబుల్ మీది నుంచి లేవనే లేవలె. చీర తడిసిందని ఏడ్చినోళ్లు కూడ ఉన్నరు.

ఇగ ఎమ్మారై. మన కాడ ఎక్కువగ కనపడే 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) మిషన్ బలం భూమి అయస్కాంతానికి ముప్పై వేల రెట్ల పైమాటే. ఎవ్వరు లోపల పండుకోకున్నా ఆ అయస్కాంతం ఆగదు. ఫోన్, ఏటీఎం కార్డు, తాళపుచెవులు, మొలతాడు బిళ్ల, కట్టుడు పండ్లు బయటనే పెట్టాలె. గుండెకు పేస్‌మేకర్, మెదడుల క్లిప్పు, చెవి మిషన్, ఎన్నడో కంట్ల పడ్డ ఇనుప రజను, కాలుల రాడ్డు ఏదున్నా ముందే చెప్పాలె. ఇప్పటి రాడ్లు చానా వరకు టైటానియంవే, స్కాన్ ఆగకపోవచ్చు, కని దాచొద్దు. పచ్చబొట్టు కూడ చూపెట్టుండ్రి, కొన్ని రంగులల్ల ఇనుము ఉండి వేడెక్కుతయి.

పుస్తెలు తియ్యమంటే గొడవ. "బంగారం అయస్కాంతానికి అంటుకోదు కద" అంటరు. నిజమే. కని కొక్కెంల, గొలుసుల ఏం కలిపిండ్రో తెల్వదు. లోహం పక్కన బొమ్మ వంకరైతది, కాలొచ్చు కూడ. నేను పసుపు కొమ్ము, దారం తెచ్చుకొమ్మని ఒకరోజు ముందే ఫోన్ల చెప్త. గది బయట అది మెడల కట్టుకొని, పుస్తెలు, మెట్టెలు అక్కకో చెల్లెకో అప్పజెప్పి వస్తరు. అట్ల చెప్పినకాంచి ఎవ్వరు వెనక్కి పోలె.

లోపల ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట, రాళ్లు కొట్టినట్టు చప్పుడు. చెవులకు దూది పెడతం, చేతిల రబ్బరు బుడ్డ ఇస్తం. నొక్కితే ఆపి తీస్తం. కదలొద్దు అంతే.

మర్రిగూడ దిక్కు పెద్దోళ్లకు ఇంకో ముచ్చట. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుం, మెడ బిగుసుకపోయినోళ్లు వెల్లకిల పండుకోలేరు. అపాయింట్‌మెంట్ కాడనే "మా తాత వంగి ఉంటడు" అని చెప్పుండ్రి, దుప్పట్లు మడతేసి తయారుగ ఉంచుతం. కీళ్ల నొప్పులకు ఎమ్మారై కావాలని అడుగుతరు గని, ముంజేతి ఎక్స్‌రే ఒక్కటి చాలాసార్లు సరిపోతది. రెండెముకల నడుమ పొర సున్నం పట్టి ముండ్లు లేచినట్టు కనపడతది. కాళ్లు తిమ్మిరెక్కి, నడక తప్పుతుంటే మాత్రం జాగు చెయ్యొద్దు, వెన్నుపాము నొక్కుకపోయిందేమో చూసేటందుకు ఎమ్మారై కావాలె.

పైసల సంగతి. ఆరోగ్యశ్రీ 2007ల మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాలల్ల పాలమూరు ఒకటి. తెలంగాణల 2023 డిసెంబర్‌ల పరిమితి 10 లక్షలు చేసిండ్రు. ఇది నగదు కట్టకుండ నడిచే పథకం, బయట కట్టిన బిల్లు పట్టుకొచ్చి ఇయ్యమంటే కాదు. ఆపరేషన్ దాకా పోయే రోగమైతే స్కాన్ కంటె ముందు ఆరోగ్యమిత్రను, అంటే దవాఖానల ఈ పథకం పని చూసే మనిషిని, కలువుండ్రి.

రిపోర్ట్ తీసుకునేటప్పుడు పేరు, వయసు, కుడి ఎడమ చూసుకోండ్రి. సీడీ ఇస్తరా అని అడుగుండ్రి. ఫిల్మ్ మడతపెట్టొద్దు, ఎండల పెట్టొద్దు. కవర్ మీద తారీఖు రాసి పెట్టెల పండబెట్టుండ్రి. గ్రహణం రోజు పిల్లలు దాన్ని తీసి సూర్యుణ్ని చూస్తరు, చిన్నప్పుడు నేనూ చూసిన. చూడనియ్యకుండ్రి, కండ్లు పోతయి.