ముక్కు ఆట – నాలుగో పాఠం: వాసన తగలడం వేరు, దొరకడం వేరు

ముక్కు ఆట అంటే మనం దాచిన వాసనను కుక్క ముక్కుతో వెతికి పట్టే ఆట. మొదటి మూడు పాఠాలు వరుసగా చేస్తూ వచ్చినవాళ్ల కుక్కకు ఈపాటికి లవంగ నూనె వాసన బాగా గుర్తుండిపోయి ఉంటుంది. ఆరు అట్టపెట్టెలు వరుసగా పెడితే వాసన ఉన్న పెట్టె దగ్గర ఆగి, రెండు మూడు సెకన్లు కదలకుండా నిలబడుతుంటుంది. అంతవరకు రాకపోతే ఈ పాఠం పక్కన పెట్టి, మూడో పాఠమే ఇంకో వారం చేయండి. తొందరేం లేదు. పెట్టెల దగ్గర గట్టిపడని కుక్కను గదిలో వదిలితే అది వాసన వెతకడం మానేసి, మీ చూపు ఎటు పోతుందో వెతకడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.

ఈసారి పెట్టెలు తీసేసి గదిలోకి వస్తున్నాం. నా దృష్టిలో ఈ ఆటలో అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది. అది కుక్కకు కాదు, మనకు.

ముందు పోటీ సంగతి ఒక్కసారి గుర్తు చేసుకుందాం. ఈ ఆట 2006లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో మొదలైంది. పోలీసు కుక్కలు చేసే వాసన పనిని ఇంట్లో పెంచుకునే కుక్కలకు ఆటగా మార్చారు. అక్కడి నోస్‌వర్క్ (ముక్కు పని) పోటీకి వెళ్లాలంటే ముందు ఒక అర్హత పరీక్ష ఉంటుంది. పన్నెండు పెట్టెలు, అందులో ఒకదానిలో వాసన, మూడు నిమిషాల టైమ్. ఆ తర్వాత మొదటి స్థాయిలో నాలుగు వెతుకులాటలు: పెట్టెలు, గది లోపల, ఆరుబయట, వాహనాలు. కుక్కల జాతులను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2017లో తన సొంత సెంట్ వర్క్ (వాసన పని) పోటీలు మొదలుపెట్టింది. అక్కడ పెట్టెల మొదటి స్థాయికి పది పెట్టెలు, రెండు నిమిషాలు. రెండు చోట్లా బర్చ్ చెట్టు నూనెతో మొదలుపెట్టి, తర్వాత యానిస్ అనే సుగంధ గింజల నూనె, ఆ తర్వాత లవంగం కలుపుతారు. మనం లవంగంతో మొదలుపెట్టాం, ఎందుకంటే లవంగ నూనె మనకు ఏ మందుల షాపులో అడిగినా ఇస్తారు. యానిస్ అంటే సోంపు అనుకుని, అనాస పువ్వు అనుకుని ఏదో ఒక నూనె కొనకండి. అవి మూడూ వేరువేరు మొక్కలు.

ఈ రెండు పోటీల్లోనూ ఒక నియమం ఉంది. వాసన ఉన్న డబ్బీ ఎక్కడ దాచారో మీకు చెప్పరు. కుక్కకు దొరికిందని మీకు నమ్మకం కుదిరినప్పుడు మీరే నోరు తెరిచి "అలర్ట్" అనాలి. జడ్జి "యెస్" అంటే సరే. మొదటి స్థాయిలో "నో" అన్నారంటే ఆ వెతుకులాట అక్కడితో అయిపోయినట్టే. అంటే కుక్క పని సగం, దాని ఒంటిని చదివి సరైన క్షణంలో ఆ ఒక్క మాట అనడం మన సగం. నేను చూసినంతలో కుక్కలు ఓడిపోయేది మన సగంలోనే.

నా కుక్క పేరు సింగి. జాతి కుక్క కాదు, మా గల్లీలో పుట్టిన ఎర్ర నాటు కుక్క. నల్లగొండలో పానగల్లు వైపు ఒక మిత్రుడి ఇంట్లో ఆదివారం పొద్దున్నే నాలుగైదు కుటుంబాలం కుక్కలతో కలుస్తాం. ఒకరు దాస్తారు, మిగతావాళ్లు ఒక్కొక్కరుగా వెతికిస్తారు. ఆరోజు హాల్లో దాచారు. హాల్లో ఒక మూలన పాత కుట్టు మిషను, దాని వెనక కిటికీకి కూలర్, ఎదురుగోడకు బీరువా. సింగి లోపలికి రాగానే నేరుగా బీరువా దగ్గరికి పోయింది. కింద వాసన చూసింది, పక్క సందులో ముక్కు పెట్టింది, వెనక్కి తిరిగింది, మళ్లీ అక్కడికే వచ్చింది. మూడోసారి రాగానే నేను "అలర్ట్" అనేశాను. "నో" అన్నారు. డబ్బీ కుట్టు మిషను బల్ల కింద అతికించి ఉంది.

ఇంటికొచ్చి ఫోన్లో తీసిన వీడియో నాలుగైదు సార్లు చూశాను. బీరువా దగ్గర సింగి కాళ్లు ఒక్కసారి కూడా ఆగలేదు. ముక్కు కిందికి, పైకి, పక్కకి తిరుగుతూనే ఉంది. వెనక్కి తిరిగిన ప్రతిసారీ దాని తల కూలర్ వైపు లేస్తోంది. అది నాకు దారి చెప్తోంది. నేను మాత్రం బీరువానే చూస్తూ నిలబడ్డాను. కూలర్ గాలి మిషను కింది వాసనను ఎత్తుకుపోయి ఎదురుగోడకు కొట్టింది. బీరువా వెనక సందులో ఆ వాసన నిలిచిపోయింది. సింగికి అక్కడ వాసన తగిలింది. దొరకలేదు. ఆ రెండింటి తేడా నాకు తెలియక దాని పని నేను చెడగొట్టాను. ఆ వీడియో ఇప్పటికీ తీసేయలేదు, కొత్తగా వచ్చినవాళ్లకు ముందు అదే చూపిస్తాను.

అందుకే ఈ వారం మొదటి అభ్యాసం కుక్క లేకుండా చేయాలి. గదిలో గాలి ఎటు పోతుందో మీ కళ్లతో చూడండి. ఒక అగరుబత్తి వెలిగించి, మీరు డబ్బీ దాచాలనుకునే చోట పట్టుకోండి. ముందు ఫ్యాన్ ఆపి చూడండి. పొగ సన్నటి దారంలా నిటారుగా లేచి, కొంత ఎత్తుకు వచ్చాక విడిపోతుంది. ఇప్పుడు సీలింగ్ ఫ్యాన్ రెండులో పెట్టండి. పొగ చెదిరి నేల మీదుగా గోడల దాకా పోయి, గోడల వెంట పైకి లేస్తుంది. కూలర్ వేస్తే అడ్డంగా పరుగెత్తి ఎదురుగోడకు తగులుతుంది. తలుపు కింద సందు దగ్గర పట్టుకుంటే పక్కగదిలోకి దూరిపోవచ్చు, లేదా అక్కడి గాలి పొగను మీ మీదికే తోయవచ్చు. ఒక కాగితం మీద గది బొమ్మ గీసి ఆ బాణాలన్నీ గుర్తుపెట్టుకోండి. అగరుబత్తి వాసన గదిలో చాలాసేపు ఉంటుంది కాబట్టి ఆరోజు కుక్కతో ఆట పెట్టకండి. మరుసటి రోజు తలుపులు, కిటికీలు తెరిచి పెట్టాక చేయండి.

పైకప్పు, గోడలు, ఎండ కూడా గాలిని నడుపుతాయి. మన దగ్గర మధ్యాహ్నం పడమటి గోడ ఎంత కాలుతుందో మీకు తెలుసు. వేడి గోడ పక్కన గాలి పైకి లేస్తుంది, దానితో వాసన కూడా లేచిపోతుంది. అప్పుడు గోడ కింద దాచిన డబ్బీని కుక్క తలెత్తి పైన వెతుకుతుంది. తెల్లవారుజామున నేల చల్లగా ఉన్నప్పుడు వాసన కిందనే పాకుతుంది, మూలల్లో చేరుతుంది. నాపరాయి పరిచిన పాత ఇళ్లలో పొద్దున్నే ఇది బాగా తెలుస్తుంది. కుక్క ముక్కు నేలకు ఆనించి నడుస్తుంది.

ఇక కుక్కతో ఆట. డబ్బీ తయారీలో మార్పేమీ లేదు. ఇయర్ బడ్ దూది ముక్కకు ఒక్క చుక్క నూనె, చిల్లులున్న చిన్న రేకు డబ్బీ, పట్టకారు, చేతికి గ్లౌజు. లవంగ నూనె ఘాటు. చర్మానికి, కళ్లకు, నోటికి మంట పుట్టిస్తుంది. కుక్కకు నాకడానికి అందకూడదు, సీసా మూత గట్టిగా పెట్టి దానికి అందనంత ఎత్తులో పెట్టండి. డబ్బీ మూత ఊడకుండా టేపు వేయండి. దాచాక పదిహేను ఇరవై నిమిషాలు గదిని వదిలేయండి, వాసన పరుచుకోవాలి.

మొదటి మూడు రోజులు ఫ్యాన్ ఆపి, కుక్క ముక్కు ఎత్తులోనే దాచండి. ఈ దశలో ఎక్కడుందో మీకు తెలిసి ఉండాలి, అప్పుడే మీరు చదవడం నేర్చుకుంటారు. తాడు వదులుగా పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడండి. "వెతుకు" అన్నాక నోరు మూసుకోవాలి. డబ్బీ వైపు చూడకండి, దాని దగ్గరికి పోయి నిలబడకండి. కుక్కను ఫోన్లో రికార్డు చేయమని ఇంట్లో ఒకరికి చెప్పండి.

ఇప్పుడు ఏం చూడాలో చెప్తాను. నడుస్తూ నడుస్తూ తల చటుక్కున పక్కకు తిప్పిందంటే వాసన తగిలింది. తోక ఊపు మారుతుంది. కొన్ని కుక్కలకు వేగం పెరుగుతుంది, కొన్నింటికి ఆగిపోతుంది. నోరు మూసుకుంటుంది. దగ్గరగా ఉంటే ముక్కు చప్పుడు వినిపిస్తుంది, చిన్న చిన్న పీల్పులు, దగ్గరదగ్గరగా, సెకనుకు ఐదు దాకా. కుక్క గాలి వదిలేటప్పుడు ముక్కు పక్కనున్న చీలికల నుంచి వదులుతుంది. అందుకే వచ్చే వాసన చెదరకుండా అంత వేగంగా పీల్చగలదు. రెండు ముక్కుపుటాలతో వేరువేరుగా వాసన అందుకుంటుంది కాబట్టి ఎటువైపు ఎక్కువుందో పోల్చుకుంటుంది. ఆ తర్వాత అది అటూ ఇటూ ఊగుతూ వస్తుంది. మొదట వెడల్పుగా, తర్వాత ఇరుకుగా, చివరికి ఒక్క చోటికి. సింగి విషయంలో ఆ చివరి క్షణం ఇట్లా ఉంటుంది: ముందుకాలు ఒకటి నేల మీద సగం ఆనించి ఆపుతుంది, ముక్కు డబ్బీకి అంగుళం దూరంలో, చెవులు ముందుకు, తోక నిలువునా కదలకుండా. పీల్పు ఒక్క లోతైనది, ఆ తర్వాత నిశ్శబ్దం. అప్పుడు దొరికింది. మీ కుక్కకు ఇది వేరేగా ఉండవచ్చు. వీడియోలో వెతికి కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే పోటీ టెన్షన్‌లో గుర్తుండేది రాసుకున్నదే.

దొరికాక వెంటనే, డబ్బీ పక్కనే, ఉడికించిన కోడి కార్జం ముక్క ఇవ్వండి. ముక్క నేల మీద పడితే తీసేసి తడిబట్టతో తుడవండి. తర్వాత వచ్చే కుక్కకు అది అడ్డు.

నాలుగో రోజు నుంచి ఫ్యాన్ రెండులో పెట్టండి, ఆరో రోజు కూలర్ వేయండి. వాసన ఎటు తేలిపోతుందో మీ బొమ్మలో ఉంది. కుక్క అక్కడికి పోతే కంగారు పడకండి, వెనక్కి లాగకండి. అక్కడి నుంచి అది తిరిగి గాలికి ఎదురు రావాలి. ఆ తిరగడం చూడటమే ఈ వారం మీ పని. రోజుకు మూడు సార్లు చాలు, ఒక్కోటి రెండు నిమిషాలకు మించకుండా.

వనపర్తి నుంచి ఒక అక్క ఫోన్ చేసి అడిగారు, "అన్నా, మావాడు ప్రతిసారీ వంటింట్లో పోపుల డబ్బా దగ్గరికే పోతున్నాడు, కొట్టాలా వద్దా?" అని. వద్దక్కా. ఆ డబ్బా పక్కనే మీ గరంమసాలా సీసా, అందులో లవంగం ఉంది. వాడు సరిగ్గానే చెప్తున్నాడు. మనం నేర్పిన వాసన చూపించినందుకు మనమే కాదంటే వాడు దేన్ని నమ్మాలి? వంటిల్లు ఈ నెల వదిలేయండి. బిర్యానీ వండిన రోజు హాల్లో కూడా ఆట పెట్టకండి.

ఎండాకాలం గురించి ఒక మాట. మహబూబ్‌నగర్, నల్లగొండ ఎండలు కుక్కకు ప్రాణాంతకం. నోరు తెరిచి రొప్పుతున్న కుక్క వాసన సరిగా పీల్చలేదు, ఎందుకంటే దాని ఊపిరంతా ఒళ్లు చల్లబరుచుకోవడానికే పోతుంది. మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారి ఐదున్నర, ఏడు మధ్య చేయండి. అరచేతి వెనకభాగం నేల మీద ఐదు సెకన్లు ఆనించలేకపోతే కుక్కను బయటికి తీయకండి. గిన్నెలో నీళ్లు ఎప్పుడూ పక్కన ఉండాలి.

ఏడో రోజు మొదటి గుడ్డి పరీక్ష. ఇంట్లోవాళ్లలో ఒకరు దాచాలి, ఎక్కడో మీకు తెలియకూడదు, దాచినవాళ్లు గదిలో కాకుండా గుమ్మం వెనక నిలబడాలి. వాళ్ల కళ్లు కూడా కుక్క చదువుతుంది. మీరు "అలర్ట్" అన్న క్షణంలో కుక్క కాళ్లు ఆగి ఉన్నాయా, కదులుతున్నాయా అన్నది వీడియోలో చూసి రాసుకోండి. ఏడు రోజుల కాగితాలు దాచిపెట్టండి. ఐదో పాఠంలో అవి చేతిలో పట్టుకుని బయట నిలిపిన ట్రాక్టరు, కారు చుట్టూ గాలి ఎట్లా తిరుగుతుందో చూద్దాం.