దిశ ఉన్నంత మాత్రాన సదిశ కాదు

చెన్నైలో పదకొండో తరగతి చదివే మన పిల్లలకు ఇంట్లో భౌతికశాస్త్రం చెప్పేవారికి ఒక చిట్కా. దిశ ఉంటే సదిశ (వెక్టర్), లేకపోతే అదిశ (స్కేలార్) అని బట్టీ పట్టిన పిల్లలు విద్యుత్ ప్రవాహం దగ్గర బోల్తా పడతారు. దానికి దిశ ఉంది, అయినా అది అదిశ రాశే.

అందుకే ఇంకో ప్రశ్న కూడా వేసుకోమనండి: అలాంటి రెండు రాశులను కలిపేటప్పుడు వాటి మధ్య కోణం లెక్కలోకి వస్తుందా? రాకపోతే, దిశ ఉన్నా అది అదిశే.

మెరీనా పక్క రోడ్డులో ఉత్తరానికి 3 కిలోమీటర్లు నడిచి, సముద్రానికి వీపు పెట్టి నేరుగా పడమరకు 4 కిలోమీటర్లు వెళ్తే నడిచిన దూరం 7, స్థానభ్రంశం (బయల్దేరిన చోటి నుంచి చేరిన చోటికి నేరుగా కొలిచేది) మాత్రం 5 కిలోమీటర్లే. మలుపు కోణం మారితే ఆ 5 కూడా మారిపోతుంది. ఇప్పుడు 3, 4 ఆంపియర్ల విద్యుత్ ప్రవాహం తెచ్చే రెండు తీగలను ఒకచోట కలిపి, అక్కడి నుంచి మూడో తీగ తీయండి. తీగలను ఎటు వంచినా అందులో పారేది 7 ఆంపియర్లే. ఈ రెండు బొమ్మలనూ పక్కపక్కనే గీయించండి, ఎంతో చక్కగా పట్టుబడుతుంది.

రుణ గుర్తును చూసి కూడా సదిశ అనేయడానికి తొందరపడనివ్వకండి. ఉష్ణోగ్రత మైనస్ 5 డిగ్రీలైనా అదిశే.