మెకానికల్ కీబోర్డును మీ వేళ్లకు అనువుగా మలచుకోవడం

చాలామంది ముందుగా ప్రతి మీట కిందా ఉండే స్విచ్చులు మార్చాలని చూస్తారు గాని, నా అభిప్రాయంలో మొదట సరిచేయవలసినవి స్పేస్, ఎంటర్ వంటి పొడవైన మీటల కింద ఉండి, అవి ఒక పక్కకు ఒరగకుండా చూసే స్టెబిలైజర్లు. స్టెబిలైజర్ తీగ వంకరగా ఉంటే నిటారుగా చేసి, తీగ కొనలు ప్లాస్టిక్‌ను తాకే చోట డైఎలక్ట్రిక్ గ్రీజు (విద్యుత్తు ప్రసరించని గ్రీజు) పూస్తే, గలగలమనే చప్పుడు చాలావరకు అణిగిపోతుంది.

ఇక స్విచ్చుల సంగతి. చెర్రీ ఎంఎక్స్ రెడ్ వంటి లీనియర్ స్విచ్చు ఎక్కడా ఆగకుండా దిగి, సుమారు 45 గ్రాముల ఒత్తిడికి, 2 మిల్లీమీటర్ల లోతులో అక్షరాన్ని నమోదు చేస్తుంది. బ్రౌన్ వంటి టాక్టైల్ స్విచ్చులో దారి మధ్యలో వేలికి చిన్న మిట్ట తగులుతుంది. హాట్‌స్వాప్ సాకెట్లున్న (టంకం లేకుండానే స్విచ్చులను గుచ్చి తీయగల) బోర్డులో వీటిని పుల్లర్‌తో తీసి మార్చుకోవచ్చు. అయితే కొత్త స్విచ్చును దించే ముందు దాని రెండు లోహపు కాళ్లూ నిటారుగా ఉన్నాయో లేదో తప్పక చూడాలి, లేకపోతే అవి లోపల మడతపడతాయి. సాకెట్లు లేని బోర్డుకు టంకం పని తప్పదు.

లీనియర్ స్విచ్చును విప్పి, మీటతో పాటు కిందికి దిగే లోపలి కాండం జారే పట్టాలకు క్రైటాక్స్ 205జీ0 కందెనను సన్నని కుంచెతో పలుచగా పూయాలి. ఎక్కువైతే మీట మందకొడిగా లేస్తుంది. టాక్టైల్ స్విచ్చులో కాండపు కాళ్లకు (మిట్ట ఉండే భాగానికి) పూయకండి, మిట్ట మెత్తబడిపోతుంది.

ఏ మీట ఏ పని చేయాలో మనమే నిర్ణయించుకోనిచ్చే క్యూఎంకే ఫర్మ్‌వేర్‌ను (కీబోర్డు లోపలి సాఫ్ట్‌వేర్‌ను) బోర్డు అనుమతిస్తే, క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చి, బాణపు మీటలను రెండో లేయర్‌లో (అవే మీటలకు ఇచ్చే రెండో వరుస పనులలో) వేళ్ల కిందికే తెచ్చుకోండి.